శ్లాబులో సద్దిమూట

అమ్ములూ, నానీ,

దసరా సెలవుల్లో మన పెదవాల్తేరు మేడ మీద మేస్త్రి పగుళ్ళలో సిమెంటు పాలు పోస్తుంటే నాని అడిగాడు గుర్తుందా, "నా మోకాలు దోక్కుపోతే దానంతట అదే మానింది కదా తాతయ్యా, శ్లాబుకెందుకు మానదు?" అని. అప్పుడేం చెప్పలేకపోయాను గానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. మానే కాంక్రీటు ఉందిరా.

ముందు నా చిన్నప్పటి సంగతి వినండి. భీమిలి దగ్గర మా ఊరి చెరువు ఎండాకాలం వస్తే నెర్రెలు బారేది. చుక్క నీరు ఉండేది కాదు, మేం అందులోనే కర్రాబిళ్ళ ఆడేవాళ్ళం. తొలకరి పడిన రాత్రి మాత్రం బోదురుకప్పల గోలకి ఊళ్ళో ఎవరికీ నిద్ర పట్టేది కాదు. ఇన్ని కప్పలు ఎక్కణ్ణుంచి వచ్చాయని మా అమ్మనడిగితే, "నువ్వు ఆడిన మట్టి కిందే పడుకున్నాయిరా" అంది. నెలల తరబడి నా కాళ్ళ కిందే! ఆ రాత్రి నాకు నిద్ర పట్టనిది గోలకి కాదు, ఆ మాటకి.

నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయంలో హెంక్ యోంకర్స్ అనే ఆయన 2006లో ఈ పని మొదలుపెట్టాడు. కాంక్రీటు కలిపేటప్పుడే అందులో అలాంటి కప్పల్ని పడుకోబెట్టడం. కంటికి కనబడని బాక్టీరియా అన్నమాట. కాంక్రీటు లోపల క్షారం ఘాటుకి మామూలు జీవి బతకదు కాబట్టి, సోడా సరస్సుల్లాంటి చోట్ల బతికే జాతిని ఎంచుకున్నారు. గింజల్లా ముడుచుకుని అవి ఏళ్ళ తరబడి పడుకోగలవు. పక్కనే సద్దిమూట కూడా పెట్టారు, కాల్షియం లాక్టేట్ అని. పెరుగుని పుల్లబరిచే ఆమ్లం ఉంటుంది చూశారా, దాని తాలూకు లవణమే అది. అంటే పెరుగన్నం కట్టిచ్చి పడుకోబెట్టినట్టే! శ్లాబు పగిలింది, వాన నీరు దిగింది, కప్పకి మెలకువొచ్చింది, ఆకలేసింది, మూట విప్పింది. తిన్నాక అది వదిలేది సున్నపురాయి. మా చెరువు కప్పలు రాయి కట్టలేదు గానీ ఇవి కడతాయి. మీరు బొర్రా గుహల్లో నోరు తెరిచి చూసిన రాయే అది. పగులు అంచుల మీద పేరుకుంటూ పేరుకుంటూ 0.8 మిల్లీమీటర్ల వెడల్పు దాకా పూడ్చేస్తుంది. పగలగొట్టే నీరే బాగుచేసేవాళ్ళనీ లేపుతుందంటే, ఈ వయసులో కూడా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

మన ఊళ్ళో దీని విలువ ఇంకా ఎక్కువ. సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది కదా, ఆ ఉప్పు చెమ్మ పగుల్లోంచి దిగి ఇనుప చువ్వకి తగిలితే తుప్పు పడుతుంది. తుప్పుకి ఇనుము కంటే ఎక్కువ చోటు కావాలి, అందుకని లోపల్నుంచి తోస్తుంది, పెచ్చులూడతాయి. తుప్పు చువ్వని అంతలా తినేశాక ఏ కప్పా ఏమీ చేయలేదు. అందుకే మేస్త్రి వెంట్రుకంత పగులుని కూడా వదల్లేదు. చిన్నదే కదా అని మీరూ దేన్నీ వదిలేయకండి, పన్ను నొప్పితో సహా.

నానీ, నీకో మాట బాకీ. మామూలు కాంక్రీటుకీ ఈ గుణం కొంచెం ఉంది. తడవకుండా మిగిలిపోయిన సిమెంటు రేణువులకి నీరు తగిలితే అవి అప్పుడు గట్టిపడతాయి, లోపలి సున్నం కూడా పైకొచ్చి తెల్లటి రాయవుతుంది. సన్నని పగులైతే దానికదే మూసుకుంటుంది.

మేడ మీద పాత సిమెంటు తొట్టి ఉంది కదా, ఒకప్పుడు దాని పక్కనుంచి చెమ్మ ఊరేది. ఎవరూ ముట్టుకోలేదు, ఆగిపోయింది. సంక్రాంతికి వచ్చినప్పుడు తొట్టి వెనక్కి వెళ్ళండి. తూర్పు మూల, నాని మోకాలెత్తున, తెల్లదారం లాంటి గీత కనబడుతుంది. గోరుతో గీకకుండా, వేలితో మెల్లగా తడిమి చూడండి.

మీ తాతయ్య,
విశాఖపట్నం