డెర్మారోలర్ ఇంటికొచ్చిన దారి

మా పిన్నికూతురి బాత్రూంలో టూత్‌బ్రష్‌లు పెట్టే స్టాండులోనే ఒక డెర్మారోలర్ కూడా ఉంటుంది. చుట్టూ సన్నటి సూదులున్న చిన్న చక్రం, దానికో పిడి. ఆన్‌లైన్‌లో కొన్నది. పిడి మీద 0.5 ఎం.ఎం. అని ఉంది, అది సూది పొడవు. మొటిమల గుంటలు పూడతాయని ఆర్నెల్లుగా ఆదివారం ఆదివారం ముఖం మీద దొర్లిస్తోంది. మొన్న వెళ్లినప్పుడు ఫోన్ కెమెరా జూమ్ చేసి చూపించాను. చివరి వరుసలో రెండు సూదుల కొనలు కొక్కేల్లా వంగిపోయి ఉన్నాయి. "అందుకేనా అక్కా, ఈ మధ్య గీసుకుంటోంది!" అంది.

ఈ రోలర్ల మీద వాదన ఎప్పుడూ ఒకేలా నడుస్తుంది. ఒకరు డబ్బు దండగ అంటారు. ఇంకొకరు వాడకముందు, వాడాక అంటూ రెండు ఫొటోలు పెట్టి, పరిశోధనలు కూడా ఉన్నాయి చూసుకోమంటారు. పరిశోధనలున్న మాట నిజమే. కానీ అవి ఏ సూది మీద, ఎవరి చేతుల్లో జరిగాయో ఎవరూ అడగరు. నన్నడిగితే తగాదా అంతా అక్కడే ఉంది.

సూదితో మచ్చను బాగుచేయడం మొదట్లో అందం కోసం పుట్టిన ఆలోచన కాదు, చిన్నపాటి సర్జరీ. 1995లో న్యూయార్క్‌కు చెందిన ఒరెంట్రైక్ తండ్రీకొడుకులు సబ్‌సిషన్ అనే పద్ధతిని వివరించారు. గుంట పడిన మచ్చను అడుగున ఉండే నారపోగులు కిందికి లాగిపట్టి ఉంచుతాయి. చర్మం కిందికి సూది పోనిచ్చి ఆ పోగుల్ని తెంచితే మచ్చ పైకి లేస్తుంది. తెగినచోట శరీరం కొత్త కణజాలాన్ని కూడా నింపుతుంది.

రెండేళ్ల తర్వాత మాంట్రియల్ నుంచి వచ్చిన కథ నాకు బాగా ఇష్టం. ప్లాస్టిక్ సర్జన్ కామిరాండ్ దగ్గర ఫేస్‌లిఫ్ట్ చేయించుకున్న కొందరికి కుట్ల మచ్చలు తెల్లగా కనిపించేవి. వాటిని కప్పడానికి చర్మం రంగు సిరాతో పచ్చబొట్టు పొడిపించారు. ఏడాది, రెండేళ్లు గడిచేసరికి సిరా వెలిసిపోయింది. కానీ మచ్చలు మెత్తబడ్డాయి, అసలు చర్మం రంగు కూడా కొంత తిరిగొచ్చింది. అంటే పని చేసింది సిరా కాదు, సూది! ఆ తర్వాత సిరా లేకుండానే పచ్చబొట్టు యంత్రంతో మచ్చల మీద పొడిచి చూసి, 1997లో సహరచయిత డూసేతో కలిసి ప్రచురించారు. పచ్చబొట్టు మనకు కొత్త కాదు గానీ, సిరా తీసేసి ఉత్త సూదినే నమ్ముకోవాలని ఎవరికీ తట్టలేదు.

అదే రోజుల్లో కేప్‌టౌన్ సర్జన్ డెస్మండ్ ఫెర్నాండెజ్ సూదుల్ని ఒక చిన్న డ్రమ్ము చుట్టూ అమర్చి రోలర్ చేశారు. ఆయన వాడిన సూదులు ఏకంగా 3 ఎం.ఎం. పొడవు. మత్తిచ్చి చేసే పని అది. ముఖమంతా రక్తం చిమ్మేది, తర్వాత కొన్నాళ్లు వాచి కమిలిపోయి ఉండేది. లెక్క మాత్రం సులువుగానే అర్థమవుతుంది. లోపలి పొర, అంటే డెర్మిస్, గాయపడాలి. అక్కడికి ప్లేట్‌లెట్లు చేరి పెరుగుదల కారకాలను వదలాలి. అవి ఫైబ్రోబ్లాస్టులనే కణాలను మేల్కొలిపితే, చర్మాన్ని బిగువుగా ఉంచే కొల్లాజెన్ ప్రొటీన్ కొత్తగా, నెలల తరబడి నెమ్మదిగా తయారవుతుంది. పై చర్మాన్ని ఒలిచేయకుండా, కాల్చకుండా ఇదంతా జరగడమే దీని గొప్ప. మన చామనఛాయ చర్మాలకు లేజర్ వేడితో నల్లమచ్చలు పడే భయం ఎక్కువ కాబట్టి, ఇక్కడి స్కిన్ డాక్టర్లకు ఇది తొందరగానే నచ్చింది.

నచ్చడమే కాదు, ఈ కథలో రెండు ముఖ్యమైన మలుపులు మన దేశంలోనే తిరిగాయి. 2009లో శ్రీనగర్ నుంచి వచ్చిన ఒక అధ్యయనంలో, ముఖం మీద గుంటమచ్చలున్న 36 మంది చికిత్స పూర్తి చేసుకుంటే 34 మందికి మచ్చల తీవ్రత ఒకటి రెండు గ్రేడులు తగ్గింది. 2013లో ముంబయి వైద్యులు బట్టతల మొదలైన 100 మంది మగవాళ్లను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు జుట్టు కోసం తలకు రాసుకునే మందు మినాక్సిడిల్ మాత్రమే. రెండో జట్టుకు దాంతోపాటు వారానికోసారి 1.5 ఎం.ఎం. రోలర్. 12 వారాల తర్వాత నెత్తి మీద గుర్తుపెట్టిన చిన్న చోట లెక్కపెడితే మొదటి జట్టులో సగటున 22 వెంట్రుకలు పెరిగాయి, రెండో జట్టులో 91.

ఈ 91 అనే అంకె ప్రపంచమంతా తిరిగింది. జుట్టు రాలుతున్న కుర్రాళ్లు ఎక్కడ పోగైనా ఇదే మాట. దాంతోపాటు ప్రయాణించాల్సిన వివరాలే వెనకబడ్డాయి. రోలర్ తిప్పింది వైద్యులు. తల కాస్త ఎర్రబడగానే ఆపేశారు, రక్తం కారేదాకా రుద్దలేదు. రోలర్ చేసిన రోజున మినాక్సిడిల్ రాయనివ్వలేదు. ఈ చివరి జాగ్రత్త చిన్నదేం కాదు. మినాక్సిడిల్ పుట్టుకే బీపీ మాత్రగా. పొడిచిన రంధ్రాల మీద వెంటనే రాస్తే అది నెత్తి మీదే ఉండిపోతుందన్న భరోసా లేదు. తల తిరగొచ్చు, గుండె దడదడలాడొచ్చు.

సీరమ్‌ల సంగతీ ఇంతే. "సూదులు గుచ్చితే క్రీమ్ లోపలికి ఇంకుతుంది" అని అమ్మేవాళ్లు గొప్పగా చెబుతారు. అవును, ఇంకుతుంది. చర్మం పైన పూయడానికి చేసిన దాంట్లోని సువాసనలు, ప్రిజర్వేటివ్‌లు కూడా ఇంకుతాయి. 2014లో ఒక అమెరికన్ వైద్య పత్రికలో ముగ్గురు మహిళల కేసులు వచ్చాయి. మైక్రోనీడ్లింగ్, అంటే ఇలా సన్న సూదులతో గుచ్చే చికిత్స, తర్వాత వాళ్ల ముఖాల మీద గ్రాన్యులోమాలు, అంటే గట్టి గడ్డల్లాంటి అలర్జీ దద్దుర్లు లేచాయి. వారిలో ఇద్దరికి సూదులతో పాటు వాడింది విటమిన్ సి సీరమే.

మరి సర్జన్ల 3 ఎం.ఎం. సూది పావు ఎం.ఎం.కి ఎలా కుదించుకుపోయింది? ఇందులోనూ ఫెర్నాండెజ్ పాత్ర ఉంది. ఆయన స్థాపించిన సౌందర్య సాధనాల సంస్థే ఇంట్లో వాడుకోమని 0.1 ఎం.ఎం. రోలర్ తెచ్చింది. దాని పని విటమిన్ క్రీములు ఇంకేలా చేయడం, అంతవరకే. సూదులు పొట్టివైతే నొప్పి లేదు, రక్తం లేదు, డాక్టర్ అక్కర్లేదు. తర్వాత చవక రోలర్లు మార్కెట్‌ను ముంచెత్తాయి. సూది పొట్టిదైంది గానీ పెట్టె మీద మాత్రం పొడుగు సూది చేసిన వాగ్దానాలే మిగిలాయి.

ముఖం మీద పై పొర మందం 0.1 ఎం.ఎం. అటూ ఇటుగా ఉంటుంది. దాని కిందే డెర్మిస్ కాబట్టి 0.25 సూది చాలదా అనిపిస్తుంది. కానీ చర్మం పరుపులాంటిది, నొక్కితే లోపలికి వంగుతుంది. పొట్టి సూది పూర్తిగా దిగదు. గుంటమచ్చ వేరు ఇంకా చాలా లోతున ఉంటుంది. అందుకే 0.25తో ముఖం రెండ్రోజులు నిగనిగలాడొచ్చు, గుంట పూడదు. పెద్ద ప్రమాదమూ లేదు, పెద్ద ప్రయోజనమూ లేదు. అసలు చిక్కు 0.5, ఆపైన. అక్కడ రక్తపు చుక్క కనిపించొచ్చు. అంటే సూది శుభ్రంగా ఉండి తీరాలి. ఇంట్లో స్పిరిట్‌లో ముంచి తీస్తే కొంతవరకు క్రిములు చస్తాయి గానీ, క్లినిక్‌లో అధిక పీడనపు ఆవిరితో క్రిముల్ని చంపే ఆటోక్లేవ్ యంత్రం చేసే పని అది చేయలేదు. మొటిమలు పచ్చిగా ఉన్నప్పుడు దొర్లిస్తే చీము, క్రిములు ముఖమంతా పాకుతాయి. పులిపిర్లూ అలాగే వ్యాపిస్తాయి. బొల్లి ఉన్నవాళ్లకు గుచ్చినచోటల్లా కొత్త తెల్లమచ్చ రావచ్చు.

అమెరికాలో మందులు, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ 2018లో స్కిన్‌పెన్ అనే మైక్రోనీడ్లింగ్ పరికరానికి అనుమతిచ్చింది. అదీ 22 ఏళ్లు దాటినవారి ముఖం మీది మొటిమల గుంటలకు, నిపుణుల చేతుల్లో వాడటానికి. 2020లో ఇచ్చిన మార్గదర్శకాల్లో గీత ఇంకాస్త స్పష్టంగా గీసింది. బతికున్న చర్మంలోకి దిగినా, మచ్చలు ముడతలు తగ్గిస్తానని చెప్పినా అది వైద్య పరికరమే. మృతకణాలు రాల్చి మెరుపు తెస్తుందని చెప్పుకునేది వేరే కోవ.

పిన్నికూతురు ఆ వంగిన రోలర్‌ను కాగితంలో చుట్టి చెత్తబుట్టలో పడేసింది. క్లినిక్‌లో ఒక్క సిట్టింగ్‌కు ఎంతవుతుందో ఫోన్ చేసి కనుక్కుంది. రేటు విని కాసేపు ఏం మాట్లాడలేదు. సాయంత్రం చూస్తే కార్ట్‌లో మళ్లీ ఒక రోలర్ ఉంది. ఈసారి 0.25ది.