జాతీయ రగ్బీ జట్టులో పది నంబరు ఎవరికి? అపోహలు – వాస్తవాలు

ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం పరిసరాల బడి పిల్లలకు నేను కొన్నేళ్లుగా రగ్బీ నేర్పుతున్నాను. ఒడిశా అమ్మాయిలు భారత జట్టుకు ఆడుతున్నారని తెలిసినప్పటి నుంచి మా తెలుగు ఇళ్లలోనూ ఈ ఆటపై ఆసక్తి పెరిగింది. సాధన ముగిశాక పిల్లలు తాము ఫోన్లలో చూసిన దేశదేశాల పోటీల గురించి వాదించుకుంటారు. ఆ వాదన చివరకు ఫ్లై-హాఫ్ దగ్గరికే చేరుతుంది. 15 మంది జట్టులో 8 మంది ఫార్వర్డ్‌లు పోరాడి గెలిచిన బంతిని 9 నంబరు స్క్రమ్-హాఫ్ వెనక్కి అందిస్తే, దానితో పరుగెత్తాలా, పక్కవారికి ఇవ్వాలా, ముందుకు తన్నాలా అన్నది క్షణంలో తేల్చవలసినవాడు 10 నంబరు ఫ్లై-హాఫ్. అతని ఎంపికపై పట్టుదలగా వాదించడం మంచిదే. అయితే ఆ వాదనల్లో తరచుగా వినిపించే కొన్ని నమ్మకాలు సరైనవి కావు.

అపోహ: గోల్ బాగా తన్నగలిగినవారికే ఆ స్థానం ఇవ్వాలి.

వాస్తవం: ట్రైకి (బంతిని ప్రత్యర్థి గోల్ గీత దాటించి నేలకు ఆనించడం) 5 పాయింట్లు, దాని తరువాత గోల్ స్తంభాల మధ్యకు తన్నే కన్వర్షన్‌కు 2, ప్రత్యర్థి తప్పు చేస్తే దొరికే పెనాల్టీ తన్నుకు 3 కనుక గురి తప్పని కాలికి విలువ ఎక్కువే. కానీ గోల్ తన్నే పని ఫ్లై-హాఫే చేయాలన్న నియమం లేదు. 1997లో దక్షిణాఫ్రికాలో పర్యటించిన బ్రిటిష్ అండ్ ఐరిష్ లయన్స్ (ఇంగ్లండ్, స్కాట్లాండ్, వేల్స్, ఐర్లాండ్ ఆటగాళ్ల ఉమ్మడి జట్టు) గ్రెగర్ టౌన్‌సెండ్‌ను ఫ్లై-హాఫ్‌గా ఉంచి, వేల్స్‌కు ఫ్లై-హాఫ్‌గా ఆడే నీల్ జెంకిన్స్‌ను గోల్స్ కోసమే ఫుల్-బ్యాక్‌గా (అందరికన్నా వెనుక నిలిచే ఆటగాడిగా) దింపింది. డర్బన్‌లో జరిగిన రెండో టెస్టులో దక్షిణాఫ్రికా 3 ట్రైలు చేసినా ఒక్క కన్వర్షన్‌గానీ పెనాల్టీగానీ సాధించలేకపోగా, జెంకిన్స్ 5 పెనాల్టీలు, జెరెమీ గస్కాట్ ఒక డ్రాప్ గోల్ (ఆట సాగుతుండగా బంతిని నేలకు తాకించి తన్నే గోల్) కొట్టడంతో లయన్స్ 18–15తో గెలిచి సిరీస్‌ను దక్కించుకుంది.

దీనికి జవాబుగా మా పిల్లలు 2023 ప్రపంచ కప్‌ను చూపుతారు. గాయపడిన హుకర్ (ఫార్వర్డ్‌లలో ముందు వరుస ఆటగాడు) స్థానంలో ఆలస్యంగా జట్టులోకి వచ్చిన ఫ్లై-హాఫ్ హాండ్రే పొలార్డ్, ఇంగ్లండ్‌తో సెమీఫైనల్‌లో మొదట ఫ్లై-హాఫ్‌గా దిగిన మానీ లిబాక్‌కు బదులుగా అరగంట దాటగానే మైదానంలోకి దిగి, చివరి నిమిషాల్లో కొట్టిన పెనాల్టీతో దక్షిణాఫ్రికాను 16–15తో గెలిపించాడు. న్యూజిలాండ్‌తో 12–11గా ముగిసిన ఫైనల్‌లో ఆ 12 పాయింట్లూ అతనివే. అంతమాత్రాన లిబాక్‌ను తీసుకోవడమే పొరపాటని నేను ఒప్పుకోను. ఖాళీలను వెతికి బంతిని మైదానం అంచులవైపు పంపే లిబాక్, ఒక్కో పాయింటు కోసం పెనుగులాడే పోటీలో తడబడని పొలార్డ్ – ఒకే జట్టుకు ఒకే టోర్నీలో ఇద్దరూ అవసరమయ్యారు. కాబట్టి ఎవరు గొప్ప అని అడిగే ముందు ఏ పోటీకి, ఏ ప్రత్యర్థిపై అని అడగాలి.

అపోహ: దేశంలో అందరికన్నా ప్రతిభ గల ఫ్లై-హాఫ్ ఎవరో తేలితే ఎంపిక పూర్తయినట్టే.

వాస్తవం: 9, 10 నంబర్లు జోడెడ్ల వంటివారు. ఫ్రాన్స్‌కు ఆంత్వాన్ దుపాన్ (9), రొమాన్ ఎంతమాక్ (10) జోడీగా కుదరడానికి ఒక కారణం ఇద్దరూ తూలూజ్ క్లబ్‌లో కలిసి ఆడుతుండడం. 2023 ప్రపంచ కప్‌కు ముందు మోకాలి గాయంతో ఎంతమాక్ దూరమైనప్పుడు, ప్రతిభలో ఏ లోటూ లేని మత్యూ జలిబేర్ వచ్చినా, ఏళ్ల తరబడి కుదిరిన ఆ పొందికను కొన్ని వారాల్లో తిరిగి కట్టుకోవలసి వచ్చింది.

అపోహ: ఫ్లై-హాఫ్‌కు ట్యాకిల్ (బంతి ఉన్నవారిని పట్టి పడేయడం) రాకపోయినా పరవాలేదు.

వాస్తవం: ప్రత్యర్థి మొదట అతనిపైకే బరువైన ఆటగాళ్లను పరుగెత్తిస్తాడు. ఇంగ్లండ్ ఫ్లై-హాఫ్ జానీ విల్కిన్సన్ ట్యాకిల్స్‌ను చూసినవారికి ఇంతకన్నా చెప్పనక్కరలేదు.

అపోహ: మూడో, నాలుగో ఫ్లై-హాఫ్ ఎవరన్న చర్చ అనవసరం.

వాస్తవం: 2011 ప్రపంచ కప్‌లో న్యూజిలాండ్ ఫ్లై-హాఫ్ డాన్ కార్టర్ టోర్నీ మధ్యలో సాధన చేస్తూ గాయపడ్డాడు. అతని స్థానంలోకి వచ్చిన కాలిన్ స్లేడ్ క్వార్టర్ ఫైనల్‌లో, తరువాతి ఆరన్ క్రూడెన్ ఫైనల్‌లోనే గాయపడ్డారు. మొదట జట్టుకు ఎంపిక కాని, చేపల వేటలో కాలం గడుపుతుండగా పిలుపు అందుకున్న స్టీఫెన్ డొనాల్డ్ ఆ ఫైనల్‌లో కొట్టిన పెనాల్టీయే ఫ్రాన్స్‌పై 8–7 విజయానికి ఆధారమైంది. అందుకే మా చిన్న జట్టులో కూడా వారానికొకసారి ముగ్గురిని ఆ స్థానంలో ఆడించి చూస్తాను.

అపోహ: కాలూ చేతులూ బాగుంటే చాలు, గొంతుతో పనిలేదు.

వాస్తవం: నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. మా జట్టులో తెలుగు, ఒడియా, సవర మాట్లాడే పిల్లలు కలిసి ఆడతారు. ఒకరు ‘కుడి’ అంటే మరొకరికి ‘డాహాణ’ అని చెప్పాలి. మధ్యలో ఒక్క క్షణం తడబడితే బంతి చేజారుతుంది. అందుచేత ఒక్కో ఎత్తుగడకు అందరూ ఒప్పుకున్న ఒకే చిన్న మాట పెట్టుకుని, దానిని జంకు లేకుండా, సమయానికి, అందరికీ వినపడేలా పిలిచేవారినే ఫ్లై-హాఫ్‌గా చూస్తాను. నిరుడు ఆ స్థానానికి ఇద్దరు అమ్మాయిలు పోటీపడ్డారు. ఒకామె జట్టులో అందరికన్నా దూరం తన్నగలదు, కానీ నోరు మెదపదు. రెండో ఆమె తన్నడం సాధారణమే, కానీ ఆమె పిలిస్తే ఆ చివరనున్న పిల్ల కూడా కదులుతుంది. పది నంబరు రెండో ఆమెకు ఇచ్చాను. మొదటి ఆమె ఇప్పుడు ఫుల్-బ్యాక్‌గా ఆడుతోంది, గోల్స్ అన్నీ ఆమే తన్నుతోంది.