ఒక్క గిటార్, ఒక్క మనిషి: లైవ్ రికార్డింగుల మీద అపోహలు – వాస్తవాలు

ఫోక్ గిటారిస్టు ఒంటరిగా వాయించి పాడిన లైవ్ రికార్డింగ్ నచ్చినవాళ్లు, అలాంటిదే మన ఊళ్లోనూ చేద్దామని దిగి రెండు రకాలుగా పొరబడతారు. కొందరు అందం అంతా సాదాతనంలోనే ఉందనుకుని ఫోన్ ఎదురుగా పెట్టేసి ఊరుకుంటారు. ఇంకొందరు అందులోని చిన్న చిన్న చప్పుళ్లన్నీ తప్పులనుకుని కడిగేస్తారు. విశాఖలో ఎక్కువగా వినబడే అపోహలు ఇవీ.

అపోహ: డ్రమ్స్, బేస్ లేకపోతే వెలితిగా ఉంటుంది.

ఆ రెండు పనులూ బొటనవేలే చేస్తుంది. ఫింగర్‌పికింగ్‌లో బొటనవేలు 6, 5, 4 అనే లావు తీగల మీద దెబ్బ దెబ్బకీ బేస్ వేస్తూ పోతుంది. చూపుడు, నడిమి, ఉంగరపు వేళ్లు సన్న తీగల మీద ఆ దెబ్బల సందుల్లో పాటను అల్లుతాయి. తంబూరా శ్రుతి, డప్పు దరువు కలిసి ఒకే చేతిలో ఉన్నట్టు లెక్క. ఉత్తరాంధ్ర జముకు విన్న చెవికి ఇది వెంటనే పడుతుంది. చరణం చివర గాయకుడు ఒక్క మాట మీద ఆగితే బొటనవేలు కూడా అక్కడే ఆగుతుంది, ఎందుకంటే గొంతూ తాళమూ ఒకే మనిషివి. తరవాత స్టూడియోలో దీనికి క్లిక్ (తాళం కొలిచే టిక్‌టిక్) పెట్టి దరువు అతికిస్తే ముందు పోయేది ఆ ఆగడమే. అతికించకండి.

అపోహ: లైవ్ అంటే ఎక్కడా కత్తెర పడదు.

పడుతుంది. రెండు రోజులు సభ జరిగితే మంచి పాటలు రెండింట్లోంచీ ఏరుకుంటారు. శ్రుతి సరిచేసుకునే విరామాలు తగ్గిస్తారు. ఉదాహరణకి, ఇంగ్లండ్ గిటారిస్టు డేవీ గ్రాహమ్ 1960ల మొదట్లో ప్రచారంలోకి తెచ్చిన డి-ఎ-డి-జి-ఎ-డి శ్రుతికి వెళ్లాలంటే 6, 2, 1 తీగలు మూడూ ఒక్కో స్వరం దించాలి. దించిన తీగ కాసేపు నిలకడగా ఉండదు. కావలసిన దానికంటే కిందికి దించి, మళ్లీ పైకి లాగి ఆపితే బిరడ దగ్గర సడలు ఉండదు. ఈ రెండు మూడు నిమిషాల్లో కళాకారుడు చెప్పే కబుర్లలో ముప్పై సెకన్లు ఉంచండి, మిగతాది తీసేయండి. ఒకే పాటలో మాత్రం రెండు రోజుల ముక్కలు కలపకూడదు. నడక ఒకటే అనిపించినా శ్రుతిలో వెంట్రుకవాసి తేడా ఉంటుంది, అతుకు చెవికి తగులుతుంది.

అపోహ: శబ్దం రంధ్రంలోంచి వస్తుంది కాబట్టి మైకు అక్కడే పెట్టాలి.

ఎక్కువ రికార్డింగులు చెడేది ఇక్కడే. సౌండ్‌హోల్ దగ్గర వినబడేది ముఖ్యంగా గిటార్ పొట్టలోని గాలి ఊగడం, సుమారు 100 హెర్ట్జ్ దగ్గర. అక్కడ మైకు పెడితే బేస్ తీగలు బుంగలో ఊదినట్టు వస్తాయి, సన్న తీగలు అణగిపోతాయి. చిన్న డయాఫ్రమ్ కండెన్సర్ మైకు తీసుకుని 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైకు తీగలోంచే వెళ్లే కరెంటు) ఇవ్వండి. మెడ, పొట్ట కలిసేచోటికి, అంటే 12–14 ఫ్రెట్ల (మెడ మీది అడ్డ కమ్మీల) దగ్గరకి, 25–30 సెంటీమీటర్ల దూరంలో గురిపెట్టండి. ఇంకా బుంగ మోత ఉంటే మైకును కదపకుండా మెడ వైపుకి కొద్దిగా తిప్పండి. గోళ్ల చప్పుడు ఎక్కువైతే ఒక బెత్తెడు వెనక్కి జరపండి. దూరం రెట్టింపైతే గిటార్ శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది, హాలు శబ్దం మాత్రం తగ్గదు. కాబట్టి మీటరు దాటి పోవద్దు.

ఇంకో పొరపాటు లో-కట్, అంటే మంద్ర శబ్దాలను కోసేసే మీట. చాలా మిక్సర్లలో అది 80 లేదా 100 హెర్ట్జ్ దగ్గర కోస్తుంది. మామూలు శ్రుతిలో ఆరో తీగ 82 హెర్ట్జ్, డికి దించితే 73. అంటే బొటనవేలు కష్టమంతా ఆ మీట నొక్కగానే సగం పోతుంది. 50–60 దగ్గర పెట్టుకునే వీలుంటేనే వాడండి.

అపోహ: పికప్ నుంచి జాక్ నేరుగా మిక్సర్‌కి పెడితే అదే శుభ్రమైన శబ్దం.

శుభ్రమే, గిటార్‌లా మాత్రం ఉండదు. బ్రిడ్జి కింద ఉండి తీగల వణుకును కరెంటు సిగ్నల్‌గా మార్చే పీజో పికప్ చెక్క వాసన లేని పొడి శబ్దం ఇస్తుంది, గట్టిగా మీటితే రేకు మోత వస్తుంది. లోపల బ్యాటరీ ప్రీయాంప్ లేని పీజోకి సుమారు 1 మెగా ఓమ్ ఇన్‌పుట్ కావాలి. మామూలు లైన్ ఇన్‌పుట్‌లో గుచ్చితే బేస్ ఎగిరిపోయి పీలగా వస్తుంది. తగిన డీఐ బాక్స్ (పికప్ సిగ్నల్‌ను మిక్సర్‌కి తగ్గట్టు మార్చే చిన్న పెట్టె) మధ్యలో పెట్టండి. హమ్ వస్తే డీఐ మీదున్న గ్రౌండ్ లిఫ్ట్ మీట వెయ్యండి. ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరిచేసే ‘చిట్కా’ ప్రాణం మీదికి తెస్తుంది.

మైకు, పికప్ రెండూ కలుపుతుంటే ఆలస్యం సరిచూడాలి. 30 సెంటీమీటర్లు ప్రయాణించడానికి శబ్దానికి దాదాపు 0.9 మిల్లీసెకండ్ పడుతుంది. పికప్‌కి ఆ ప్రయాణం లేదు. సరిచేయకుండా కలిపితే 575 హెర్ట్జ్ చుట్టుపక్కల స్వరాలు, అంటే మొదటి తీగ పదో ఫ్రెట్ ప్రాంతం, పలచబడతాయి. 48 కిలోహెర్ట్జ్ రికార్డింగులో పికప్ ట్రాకును 42 శాంపిళ్లు ఆలస్యంగా మొదలయ్యేట్టు జరిపి వినండి, తేడా తెలుస్తుంది.

అపోహ: తీగల మీద వేళ్లు జారే చప్పుడు తప్పు.

అతిగా ఉంటే పాత తీగలు మార్చండి, అంతే. కార్డు మారేటప్పటి ఆ చిన్న జారు, పాట ముందు తీసుకున్న ఊపిరి వింటేనే మనిషి ఎదురుగా కూర్చున్నట్టు ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌తో తుడిస్తే స్వరం అంచులు కూడా అరిగిపోతాయి.

అపోహ: పాత రికార్డులు ఎక్కడపడితే అక్కడ చేశారు, చోటుతో పనిలేదు.

స్కాట్లాండ్ గిటారిస్టు బెర్ట్ జాన్ష్ మొదటి ఆల్బమ్, 1965లో వచ్చింది, లండన్‌లో రికార్డింగ్ ఇంజనీరు బిల్ లీడర్ ఇంట్లో టేప్ రికార్డర్ మీద చేసినదే. దీన్నిబట్టి నేర్చుకోవలసింది చిన్న గది, దగ్గర మైకు. మనవాళ్లు నేర్చుకునేది ‘బీచ్‌లో చేద్దాం’. రుషికొండ దగ్గర అలల హోరు అన్ని పౌనఃపున్యాల్లోనూ ఉంటుంది, ఏ ఫిల్టరూ దాన్ని విడదీయలేదు. గాలికి బొచ్చు తొడుగు ఉంది, సముద్రానికి లేదు. అలలే కావాలంటే విడిగా రికార్డు చేసుకోండి. సిరిపురంలో గురజాడ కళాక్షేత్రం లాంటి పెద్ద చోట్లకి స్పీకర్లు తప్పవు, అప్పుడు మైకులోకి స్పీకర్ల శబ్దమే వెనక్కి వస్తుంది. కర్టెన్లు, పుస్తకాల బీరువాలు, యాభై మంది మనుషులు ఉన్న గది చాలు.

ఫ్యాను మాత్రం ఆపాల్సిందే. రెక్కల గాలి మైకుకి తగలకపోయినా, రెక్కలకి తగిలి తిరిగొచ్చే శబ్దం వణుకుతుంది. వైజాగ్ ఉక్కపోతలో ఇది జనానికి శిక్షే. అందుకని ఏసీతో గంట ముందు గది చల్లబరిచి, పాటలప్పుడు ఆపి, పాతిక నిమిషాలకోసారి విరామం ఇవ్వండి. ఇక్కడే ఇంకో చిక్కు. గిటార్ చెక్కకి 45–55 శాతం తేమ హితవు, మన తీరంలో బయట 70 దాటడం మామూలే. తేమకి పొట్ట ఉబ్బి తీగలు ఫ్రెట్ల నుంచి పైకి లేస్తాయి. చల్లటి గదిలోకి తెచ్చాక పెట్టెలోంచి తీసి అరగంట వదిలేశాకే శ్రుతి చేయాలి. ఉప్పుగాలికి తీగలు తొందరగా తుప్పు పడతాయి. సభకి రెండు రోజుల ముందు పూత ఉన్న తీగలు వేసి రోజూ వాయిస్తే సాగడం ఆగుతుంది.

అపోహ: లెవెల్ ఎంత పెంచితే అంత స్పష్టత.

24 బిట్‌లో రికార్డు చేస్తూ గట్టిగా మీటినప్పుడు మీటర్ మైనస్ 18 నుంచి మైనస్ 12 డెసిబెల్స్ మధ్య ఉంటే చాలు. చప్పట్లు గిటార్ కంటే బాగా పెద్దవి, అవి ఎరుపు తాకకుండా ఆ జాగా కావాలి. ఆఖరి తీగ మోత ఆరిపోయి మొదటి చప్పట్టు పడేలోపు ఒకటి రెండు సెకన్లు గది ఊపిరి బిగబడుతుంది. ఫేడ్ మొదలుపెట్టాల్సింది చప్పట్లు నిండాక, ఎనిమిది పది సెకన్లలో మెల్లగా. దానికి ముందు దేన్నీ ముట్టుకోవద్దు.