దుబాయి కాగితాలు: అపోహలు – వాస్తవాలు

హైదరాబాద్‌లో గల్ఫ్ ఉద్యోగాల కాంట్రాక్టులు చదివి చెప్పడం నా పని. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు నుంచి వచ్చేవాళ్లే ఎక్కువ. చాలామంది డబ్బు కట్టేశాక వస్తారు, అదే బాధ.

అపోహ: వీసా ఊరికే రాదు, లక్షన్నర పెట్టాల్సిందే.

వాస్తవం: లైసెన్సున్న ఏజెంటు తీసుకోదగిన సర్వీస్ చార్జి గరిష్ఠంగా 30,000 రూపాయలు. జీఎస్టీతో కలిపి 35,400. దానికి రసీదు ఇవ్వాలి. ఊళ్లో తిరిగే సబ్ ఏజెంటుకు చట్టంలో చోటే లేదు. నాకు మింగుడుపడని సంగతి ఒకటుంది. అమెరికా ఉద్యోగ వీసా హెచ్‌1బీకి పెట్టే పిటిషన్ (దరఖాస్తు) ఖర్చు కంపెనీయే భరించాలని అమెరికా నిబంధన. అదే శంషాబాద్ నుంచి రియాద్ వెళ్లే తాపీమేస్త్రీ మాత్రం మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి, కూలి పనికి తనే ఎదురు డబ్బు కట్టి పోతాడు. అక్కడ జీతం తగ్గించినా, వేరే పనిలో పెట్టినా అప్పు తీరేదాకా నోరెత్తడు.

అపోహ: జీతం 1,200 దిర్హాములట, ఇంకేం కావాలి?

వాస్తవం: అందులో బేసిక్, అంటే అలవెన్సులు కలపని మూల జీతం, ఎంతో చూశారా? యూఏఈలో ఓటీ (అదనపు గంటల పనికిచ్చే డబ్బు), గ్రాట్యుటీ (పని మానేటప్పుడు కంపెనీ ఇచ్చే మొత్తం) రెండూ బేసిక్ మీదే లెక్కకడతారు. మొదటి ఐదేళ్లలో ఏడాదికి 21 రోజుల బేసిక్ గ్రాట్యుటీగా వస్తుంది. 1,200 మొత్తం బేసిక్ అయితే ఐదేళ్లకు 4,200 దిర్హాములు. బేసిక్ 700, మిగతాది అలవెన్సు అని రాసి ఉంటే 2,450. నెలనెలా చేతికొచ్చేది ఒకటే కాబట్టి కాంట్రాక్టులో ఈ లైను ఎవరూ చదవరు. రూము, తిండి ఎవరి ఖర్చో కూడా అక్కడే ఉంటుంది.

అపోహ: విజిట్ వీసా మీద వెళ్లి అక్కడ మార్చుకోవచ్చు.

వాస్తవం: విజిట్ వీసాపై పనిచేయడం అక్కడ నేరం. పైగా ఎమిగ్రేషన్ క్లియరెన్సు, అంటే విదేశీ పనికి వెళ్లేందుకు మన ప్రభుత్వం ఇచ్చే అనుమతి, లేకుండా పోతారు కాబట్టి, దాంతోపాటు ఈసీఆర్ పాస్‌పోర్టు (ఆ అనుమతి అవసరమైన పాస్‌పోర్టు) వాళ్లకు తప్పనిసరిగా చేయించే ప్రవాసీ భారతీయ బీమా కూడా ఉండదు. ప్రమాదంలో ప్రాణం పోతే 10 లక్షలిచ్చే ఆ పాలసీకి రెండేళ్ల ప్రీమియం 275 రూపాయలు.

అపోహ: పదో తరగతి పాసైతే టెన్షన్ లేదు.

వాస్తవం: క్లియరెన్సు అక్కర్లేదు, నిజమే. అంటే మీ కాంట్రాక్టును ప్రభుత్వం తరఫున ఎవరూ చూడరన్నమాట.

అపోహ: మనవాళ్లు లేకపోతే గల్ఫ్‌లో పనే నడవదు, జీతాలు అక్కడి కంపెనీలే పెంచుతాయి.

వాస్తవం: మొదటి సగం కాదనను. కానీ అదే పనికి నేపాల్, బంగ్లాదేశ్ వాళ్లూ లైన్లో ఉన్నారు. 2024లో భారత్‌కు ప్రవాసులు పంపింది దాదాపు 129 బిలియన్ డాలర్లని ప్రపంచ బ్యాంకు అంచనా. ఆ లెక్క దేశానిది, మేస్త్రీకి దాంతో రేటేమీ పెరగదు. అతను బేరమాడగలిగేది సంతకానికి ముందే. ఏజెంటు పేరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో చూడండి, లేదంటే హైదరాబాద్ మల్లేపల్లి ఐటీఐ ఆవరణలో ఉన్న, విదేశీ ఉద్యోగాలు చూసే తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌లో అడగండి. అప్పటిదాకా ఒరిజినల్ పాస్‌పోర్టు ఎవరి చేతికీ ఇవ్వకండి.