బాండ్స్‌కి మూసిన తలుపు సీలిగ్‌కి తెరుచుకుంది: బేస్‌బాల్‌ని వదలని స్టెరాయిడ్ల అనుమానం

మేజర్ లీగ్ బేస్‌బాల్ చరిత్రలో అందరికంటే ఎక్కువ హోమ్ రన్లు కొట్టింది బ్యారీ బాండ్స్. మొత్తం 762. హోమ్ రన్ అంటే మన సిక్సర్ లాంటిదే అనుకోండి. అయినా కూపర్స్‌టౌన్‌లోని హాల్ ఆఫ్ ఫేమ్‌లో, అంటే బేస్‌బాల్ దిగ్గజాలను సత్కరించే చోట, ఆయనకు స్థానం లేదు. 2022 జనవరిలో ఆయన పేరు పదోసారి, అంటే చివరిసారిగా, బేస్‌బాల్ విలేకరుల ఓటింగ్‌కి వచ్చింది. 75 శాతం ఓట్లు కావాలి, 66 శాతం దగ్గరే ఆగిపోయారు. పిచర్ (మన బౌలర్ లాంటివాడు) రోజర్ క్లెమెన్స్‌కి 65.2 శాతం వచ్చాయి. ఈ ఇద్దరినీ లీగ్ డోపింగ్ పేరుతో ఒక్క మ్యాచ్‌కి కూడా సస్పెండ్ చేయలేదు. మరి ఓటర్లు దేన్ని బట్టి తీర్పు చెప్పారు? చాలావరకు అనుమానాన్ని బట్టే. ఆ అనుమానానికి ముప్పై ఏళ్ళ చరిత్ర ఉంది.

1991లో అప్పటి కమిషనర్ ఫే విన్సెంట్ అన్ని జట్లకూ ఒక మెమో పంపారు. నిషేధిత మందుల్లో కండబలం పెంచే స్టెరాయిడ్లు కూడా ఉన్నాయని అందులో రాశారు. రాయడం వరకే. పరీక్షలు పెట్టాలంటే ఆటగాళ్ళ యూనియన్ ఒప్పుకోవాలి, అది వ్యక్తిగత గోప్యతకు సంబంధించిన విషయమని యూనియన్ అడ్డం తిరిగింది. జట్ల యజమానులు కూడా పట్టుబట్టలేదు. పైగా ఈ ఆటలో మందులు కొత్త కాదు. దశాబ్దాలుగా డ్రెస్సింగ్ రూముల్లో ‘గ్రీనీస్’ అని పిలిచే, ఒంటికి హుషారు తెచ్చే యాంఫెటమిన్ బిళ్ళలు తిరుగుతూనే ఉండేవి. ఆరు నెలల్లో 162 మ్యాచ్‌లు ఆడాలి. స్టెరాయిడ్ల వల్ల బంతి దూరం పోవడం ఒక ఎత్తు, నలిగిపోయిన ఒళ్ళు తెల్లారేసరికి తేరుకోవడం ఇంకో ఎత్తు. నా ఉద్దేశంలో అసలు ఆశ రెండోదే.

1994 ఆగస్టులో జీతాల గొడవ మీద ఆటగాళ్ళు సమ్మెకు దిగారు. సీజన్ చివర విజేతను తేల్చే వరల్డ్ సిరీస్ రద్దయింది. మళ్ళీ ఆట మొదలయ్యాక, 1995లో సగటు ప్రేక్షకుల సంఖ్య దాదాపు 20 శాతం పడిపోయింది. అలిగిన జనాన్ని తిరిగి స్టేడియానికి రప్పించడంలో 1998 సీజన్‌ది పెద్ద పాత్ర. రోజర్ మారిస్ 1961లో ఒకే సీజన్‌లో కొట్టిన 61 హోమ్ రన్ల రికార్డు కోసం మార్క్ మగ్వైర్, సామీ సోసా పోటీపడ్డారు. చివరికి మగ్వైర్ 70, సోసా 66. అమెరికా అంతా టీవీలకు అతుక్కుపోయింది.

ఆ సందడి మధ్యలో, ఆగస్టులో, ఏపీ విలేకరి స్టీవ్ విల్‌స్టీన్ (మన ఏపీ కాదు, అసోసియేటెడ్ ప్రెస్) మగ్వైర్ లాకర్‌లో ఒక సీసా చూశారు. అందులో ఉన్నది ఆండ్రోస్టెనిడయోన్, ఒంట్లోకి వెళ్ళాక టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్‌గా మారే మందు. అప్పట్లో అది షాపుల్లో దొరికే సరుకే. ఒలింపిక్స్‌లో నిషేధం ఉంది గానీ బేస్‌బాల్‌లో లేదు. వార్త రాగానే ఎక్కువ తిట్లు పడింది విలేకరికే, వేరేవాళ్ళ లాకర్‌లోకి తొంగి చూస్తావా అని! పండగ పూట అపశకునం పలికినవాణ్ణి చూసినట్టు చూశారు.

మూడేళ్ళకు, 2001లో, బాండ్స్ 37 ఏళ్ళ వయసులో ఒకే సీజన్‌లో 73 హోమ్ రన్లు కొట్టారు. 2002లో మాజీ ఆటగాడు కెన్ కామినిటి, తనకు అత్యుత్తమ ఆటగాడి అవార్డు వచ్చిన 1996 సీజన్‌లో స్టెరాయిడ్లు వాడానని బయటపెట్టాడు. యూనియన్ దిగొచ్చి 2003లో పేర్లు చెప్పని పరీక్షలకు ఒప్పుకుంది. పరీక్షల్లో 5 శాతం దాటి మందుల ఆనవాళ్ళు దొరికితే మరుసటి ఏడాది నుంచి శిక్షలతో కూడిన పరీక్షలు పెట్టాలని షరతు. దాటింది.

అదే 2003లో కాలిఫోర్నియాలోని బాల్కో అనే కంపెనీ మీద ఫెడరల్ అధికారులు దాడి చేశారు. అక్కడి వ్యవహారమే వేరు. అక్కణ్ణుంచి ఆటగాళ్ళకు అందింది పరీక్షలకు దొరక్కుండా ప్రత్యేకంగా తయారుచేసిన స్టెరాయిడ్, ముద్దుపేరు ‘ద క్లియర్’. ఒక అథ్లెటిక్స్ కోచ్ ఒక సిరంజిని డోపింగ్ నిరోధక సంస్థకు పంపితే, లాస్ ఏంజెలెస్‌లోని ల్యాబ్ దాని గుట్టు విప్పింది. ఈ కేసులో, తన ట్రైనర్ ఇచ్చింది అవిసె నూనె అనుకున్నానని బాండ్స్ గ్రాండ్ జ్యూరీ (కేసు పెట్టాలో లేదో తేల్చే పౌరుల బృందం) ముందు చెప్పారు. ఆ ట్రైనర్ నోరు విప్పనని జైలుకైనా వెళ్ళాడు. 2011లో బాండ్స్‌కి న్యాయానికి అడ్డుపడ్డారన్న నేరం పడింది, 2015లో అప్పీల్ కోర్టు దాన్నీ కొట్టేసింది.

2005 మార్చిలో అమెరికన్ కాంగ్రెస్ ఆటగాళ్ళను పిలిచి నిలదీసింది. గతం గురించి మాట్లాడ్డానికి రాలేదన్నాడు మగ్వైర్ (ఒప్పుకున్నది 2010లో). వేలు చూపిస్తూ ఎన్నడూ వాడలేదన్న రఫేల్ పల్మేరో పరీక్షలో దొరికాడని ఆ ఆగస్టులోనే బయటపడింది. ఆయనకు పడిన శిక్ష పది రోజులు. ఆ ఏడాది చివర్లో గానీ మొదటిసారి దొరికితే 50 మ్యాచ్‌లు, రెండోసారి 100 మ్యాచ్‌లు, మూడోసారి జీవితకాల నిషేధం అన్న నిబంధన రాలేదు. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరగడం అంటే ఇదే. 2007 డిసెంబరులో మాజీ సెనేటర్ జార్జ్ మిచెల్ బేస్‌బాల్‌లో స్టెరాయిడ్ల వాడకం మీద ఇచ్చిన రిపోర్టులో 89 మంది పేర్లు వచ్చాయి. క్లెమెన్స్ పేరు అందులోదే. కాంగ్రెస్‌కు అబద్ధం చెప్పారన్న కేసులో 2012లో ఆయన నిర్దోషిగా బయటపడ్డారు.

2003 నాటి పరీక్షల్లో దొరికినవాళ్ళ పేర్లు బయటికి రావని ఆటగాళ్ళకు మాటిచ్చారు. కానీ 104 పేర్ల జాబితా అధికారుల చేతికి చిక్కింది. 2009లో దాన్నుంచి అలెక్స్ రోడ్రిగ్జ్ పేరు, తర్వాత డేవిడ్ ఓర్టిజ్ పేరు పత్రికలకు పొక్కాయి. రోడ్రిగ్జ్ ఒప్పుకున్నాడు. ఓర్టిజ్ తెలిసి వాడలేదన్నాడు. ఆ ఫలితాల్లో కొన్నిటి మీద సందేహాలున్నాయని 2016లో కమిషనర్ రాబ్ మాన్‌ఫ్రెడే అన్నారు. బాండ్స్ ఓడిన రోజునే ఓర్టిజ్ తొలి ప్రయత్నంలో హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి వెళ్ళాడు.

సరైన కాలంలో పరీక్షలు లేకపోవడంతో ఎవరు వాడారో, ఎవరు వాడలేదో చెప్పే కాగితమే లేదు. కండలు చూసి కథలు అల్లారు. పరీక్షలో దొరికాడన్న రికార్డు ఏదీ లేని జెఫ్ బ్యాగ్‌వెల్ ఏడోసారికి గానీ ఎన్నిక కాలేదు. 2017 జూలైలో కూపర్స్‌టౌన్ వేదిక మీద ఆయనతో పాటు సత్కారం అందుకున్న మరొకరు బడ్ సీలిగ్, ఈ స్టెరాయిడ్ల కాలమంతా లీగ్‌ని నడిపిన కమిషనర్. ఎంపిక కమిటీలోని 16 మందిలో 15 మంది ఆయనకు ఓటేశారు. 2022 డిసెంబరులో బాండ్స్ పేరు కూడా అలాంటి 16 మంది కమిటీ ముందుకే వెళ్ళింది. నాలుగు ఓట్లు కూడా రాలేదు.