మందమెక్కిన గుండె గోడ బీపీ మాత్రలతో తగ్గుతుందా?

గుండెకు చేసే అల్ట్రాసౌండ్ పరీక్ష, అంటే ఎకో రిపోర్టులో 'ఎల్‌వీహెచ్' అని కనబడితే ఎవరికైనా టెన్షనే. గుండె ఎడమ జఠరిక (ఒంటికంతటికీ రక్తం నెట్టే గది) గోడ మందమైందని దానర్థం. కవాటాల జబ్బు, వంశపారంపర్య లోపం కూడా కారణం కావచ్చు గానీ ఎక్కువమందిలో మూలం బీపీయే. బీపీని అదుపులో పెడితే ఆ మందం చాలామందిలో ఎంతోకొంత తగ్గుతుందని ఇవాళ డాక్టర్లు ధైర్యంగా చెబుతున్నారు. ఒకప్పుడు ఆ బీపీని ముట్టుకోవడమే తప్పన్నారు.

1836లో లండన్‌ గైస్ హాస్పిటల్‌ వైద్యుడు రిచర్డ్ బ్రైట్, కిడ్నీ జబ్బుతో పోయినవాళ్లలో చాలామందికి గుండె ఎడమ భాగం లావెక్కి ఉండటం గమనించాడు. కవాటాలు బాగున్నవాళ్లలోనూ అదే తీరు. అప్పటికి బీపీ కొలిచే సాధనం లేదు. చేతికి పట్టీ కట్టి బీపీ చూసే పరికరాన్ని రీవా-రోచి 1896లో గానీ తయారు చేయలేదు. స్టెతస్కోపుతో విని పై అంకె, కింది అంకె చెప్పే పద్ధతి 1905లో కొరొట్కాఫ్‌ది. ఎదురొత్తిడికి రక్తాన్ని నెట్టీ నెట్టీ గుండె గోడ కసరత్తు చేసిన కండలా పెరుగుతుందని అర్థమైంది.

కండ పెరిగితే మంచిదేగా అనుకున్నారు! బీపీ పెరగడం శరీరం చేసుకున్న సర్దుబాటు కావచ్చు, జోలికి పోవద్దని 1930ల్లో పేరున్న గుండె డాక్టర్లే రాశారు. పోదామన్నా సరైన మందు లేదు. 1944 మార్చిలో అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌ను పరీక్షించిన డాక్టర్ హోవర్డ్ బ్రూయన్‌కు బీపీ 186/108, పెద్దదైన గుండె, హార్ట్ ఫెయిల్యూర్ కనబడ్డాయి. గుండెకు బలమిచ్చే డిజిటాలిస్ మందు ఇవ్వడం, ఉప్పు తగ్గించడం, విశ్రాంతి తీసుకోమనడం తప్ప పెద్దగా చేయగలిగిందేమీ లేదు. 1945 ఏప్రిల్ 12న మెదడులో రక్తస్రావమై ఆయన పోయాడు. ఆ రోజు బీపీ 300/190.

1950ల చివర్లో ఉప్పు, నీటిని మూత్రంలో పంపేసి బీపీ తగ్గించే క్లోరోథయజైడ్ మాత్ర వచ్చింది. 1967లో అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల అధ్యయనంతో, బాగా ఎక్కువ బీపీ ఉన్నవాళ్లను మందులు కాపాడతాయని రుజువైంది. మరి అప్పటికే మందమైన గోడ సంగతి? దానికి జవాబు ఎలుకలు చెప్పాయి.

జపాన్‌లో పుట్టుకతోనే బీపీ పెరిగే ఎలుకల జాతిని పెంచారు. క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో సేన్, తరాజీ బృందం వాటిలో కొన్నింటికి మీథైల్‌డోపా, కొన్నింటికి హైడ్రలజీన్ అనే బీపీ మందులు ఇచ్చి గుండెలు తూకం వేసింది. 1974లో ఆ ఫలితాలు వచ్చాయి. హైడ్రలజీన్‌తో బీపీ చక్కగా దిగింది, గుండె బరువు మాత్రం తగ్గలేదు. మీథైల్‌డోపాతో బీపీ ఓ మోస్తరుగానే తగ్గినా గుండె తేలికైంది. ఈ కథంతటికీ మలుపు ఇక్కడే ఉందని నా అభిప్రాయం. గోడను పెంచేది ఒత్తిడి ఒక్కటే కాదన్నమాట. నరాల ప్రేరణ, యాంజియోటెన్సిన్ వంటి హార్మోన్లు కూడా కండకణాలకు 'పెరగండి' అని సంకేతాలిస్తాయి. మీథైల్‌డోపా నరాల ప్రేరణను తగ్గిస్తుంది. హైడ్రలజీన్ రక్తనాళాలను వదులు చేస్తుంది కానీ, శరీరం దానికి బదులుగా ఆ సంకేతాలనే రెచ్చగొడుతుంది.

యాంజియోటెన్సిన్‌ను అడ్డుకునే క్యాప్టోప్రిల్‌కు 1981లో అమెరికాలో అనుమతి దొరికింది. గోడను మిల్లీమీటర్లలో కొలిచే ఎకో కూడా అప్పటికే ఉంది కాబట్టి మందుల మధ్య పోటీ మొదలైంది. 9 వేల పైచిలుకు మందితో జరిపి 2002లో వెలువరించిన 'లైఫ్' ట్రయల్‌లో యాంజియోటెన్సిన్‌ను అడ్డుకునే మరో మందు లోసార్టాన్, గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ అటెనొలాల్ రెండూ బీపీని దాదాపు సమానంగా తగ్గించాయి. అయినా లోసార్టాన్ వాడినవాళ్లలో గోడ మందం ఎక్కువ తగ్గింది, పక్షవాతం 25 శాతం తక్కువగా వచ్చింది. మరుసటి ఏడాది 80 ట్రయల్స్ కలిపి లెక్కేస్తే, గుండె కండ బరువు లోసార్టాన్ తరహా మందులతో సుమారు 13 శాతం, బీటా బ్లాకర్లతో 6 శాతం తగ్గినట్టు తేలింది. మిగతావన్నీ ఆ మధ్యలోనే. ఈ తేడా చూసి బాగా పడుతున్న మాత్రను సొంతంగా మార్చేయడం మాత్రం తెలివైన పని కాదు.

సైజు ఒక్కటే చూస్తే సరిపోదని ఒక చిన్న అధ్యయనం చూపించింది. 2000లో 35 మంది గుండె నుంచి చికిత్సకు ముందు, ఆరు నెలల తర్వాత చిన్న ముక్కలు తీసి పరీక్షించారు. క్లోరోథయజైడ్ తరహా మందు హైడ్రోక్లోరోథయజైడ్‌తో కండకణాలు సన్నబడ్డాయి, వాటి మధ్య పేరుకున్న పీచు అలాగే ఉంది. క్యాప్టోప్రిల్ తరహా మందు లిసినోప్రిల్‌తో గోడ మందం తగ్గకపోయినా పీచు కొంత తగ్గింది, గుండె వదులై రక్తం నింపుకోవడం మెరుగైంది.

'స్ప్రింట్' ట్రయల్‌లో పై బీపీని 140 లోపు కాక 120 లోపుకు దించాలని చూసినప్పుడు, కొత్తగా ఎల్‌వీహెచ్ వచ్చే ముప్పు 46 శాతం తగ్గిందని 2017లో లెక్క తేల్చారు. ఉన్నవాళ్లలో తగ్గే అవకాశమూ పెరిగింది. కానీ గుండెపోటు, పక్షవాతం వంటివి తగ్గడంలో ఈ మార్పు వాటా కొంచెమే. మెదడు, కిడ్నీ, రక్తనాళాలకు బీపీ తగ్గడం వల్ల దక్కే మేలు వేరేగా ఉంది. అందుకే ఎకో మామూలుగా వచ్చినా డాక్టర్లు మాత్రలు ఆపమనరు. ఆపితే బీపీ మళ్లీ ఎక్కుతుంది, గోడ కూడా తిరిగి మందమవుతుంది.