ఎకరం మొక్కజొన్న, ఒక లెక్కల పుస్తకం

అమెరికాలో ఫోర్-హెచ్ పేరుతో నడిచే పల్లె పిల్లల సంఘాలకు మూలం మొక్కజొన్న చేలో ఉంది. 1900 ప్రాంతంలో వ్యవసాయ కళాశాలలు మంచి విత్తనం గురించి, దుక్కి గురించి కరపత్రాలు పంచుతూనే ఉన్నా, పెద్దలు పాత పద్ధతి వదల్లేదు. 1902 జనవరి 15న ఒహాయోలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో బడుల పర్యవేక్షకుడు ఎ.బి. గ్రాహం పిల్లలను పోగుచేసి, లిట్మస్ కాగితంతో మట్టిని పరీక్షించడం, విత్తనం ఎంచుకోవడం నేర్పించాడు. 1907లో మిసిసిపీలోని హోమ్స్ కౌంటీలో విలియం హాల్ స్మిత్ మొక్కజొన్న క్లబ్బు పెట్టాడు. రైతు పొలంలోనే సాగు చేయించి చూపించే సీమన్ నాప్ ఆ క్లబ్బులను అమెరికా దక్షిణాది అంతటా విస్తరింపజేశాడు.

వాటి బలమంతా నియమాల్లో ఉంది. 10 నుంచి 18 ఏళ్ల పిల్లాడికి ఎకరం నేల. పని తానే చేయాలి; చిన్నవాళ్లు మాత్రం దుక్కికి మనిషిని పెట్టుకోవచ్చు. 100 మార్కుల్లో దిగుబడికి 30, లాభానికి 30, ఏరి తెచ్చిన 10 కండెలకు 20, సాగు ఎలా సాగిందో రాసినదానికి 20. నేల తండ్రిదే అయినా 5 డాలర్ల కౌలు, తన కష్టానికి గంటకు 10 సెంట్లు, గుర్రానికి 5 సెంట్లు ఖర్చు కింద రాయాల్సిందే. సొంత చేను కౌలు, ఇంటిల్లిపాది రెక్కల కష్టం మన రైతుల లెక్కల్లోకి నేటికీ సరిగా రావడం లేదు.

ఎకరానికి 12 నుంచి 15 కండెల విత్తనం సరిపోయేది. ఒక్క కండె చెడ్డదైతే చేలో పన్నెండో వంతు బోసిపోయినట్టే. అందుకే కండెకు 6 గింజలు, అడుగు నుంచి కొన్ని, నడుమ కొన్ని, కొస నుంచి కొన్ని తీసి, తడిగుడ్డలో చుట్టి, వెచ్చని చోట వారం ఉంచేవారు. మొలవని గింజ గాని, నీరసంగా మొలిచింది గాని కనిపిస్తే ఆ కండె పక్కకు పోయేది. సరిగా ఆరని కండెకు గడ్డకట్టే చలి తగిలితే గింజలోని మొలక చస్తుంది. పైకి మాత్రం మేలిమిగానే కనిపిస్తుంది.

1910లో దక్షిణ కరోలినా కుర్రాడు జెర్రీ మూర్ ఎకరంలో 228.75 బుషెళ్లు పండించాడు. మన లెక్కన సుమారు 58 క్వింటాళ్లు. అప్పట్లో ఆ రాష్ట్ర సగటు 20 బుషెళ్ల లోపే. ఇలాంటి పోటీ దిగుబడులను కాస్త జాగ్రత్తగా చూడాలి. పచ్చి కండెలను తూస్తే నీరు కూడా గింజ బరువులో కలిసిపోతుంది. ఎరువు విపరీతంగా గుమ్మరించి దిగుబడి పెంచుకునే వీలూ ఉంది. లాభానికి 30 మార్కులు పెట్టడం ఇక్కడే అక్కరకొచ్చింది.

అదే ఏడాది అదే రాష్ట్రంలోని ఎయికెన్‌లో మేరీ క్రోమర్ ఆడపిల్లలకు టమాటా క్లబ్బు పెట్టింది. తలా ఎకరంలో పదో వంతు, అంటే మన కొలతలో 10 సెంట్లు. పండించి, డబ్బాల్లో నిల్వచేసి అమ్మాలి. వేడి చాలకపోతే లోపల పులిసి డబ్బా ఉబ్బుతుంది, సరుకంతా పారబోయాలి.

1914 మే 8 నాటి స్మిత్-లీవర్ చట్టంతో ఈ పనికి కేంద్ర, రాష్ట్ర నిధులు కలిశాయి, వ్యవసాయ కళాశాలల ద్వారా కొత్త పద్ధతులను రైతుల దాకా చేర్చే విస్తరణ వ్యవస్థ ఏర్పడింది. కానీ దక్షిణాదిలో నల్లజాతి పిల్లల క్లబ్బులను వేరుగానే ఉంచారు. వాషింగ్టన్‌లో జరిగే జాతీయ శిబిరానికి వాళ్లను రానివ్వలేదు. చట్టరీత్యా ఆ గోడ కూలడానికి 1964 పౌరహక్కుల చట్టం రావాల్సి వచ్చింది.

అదే 1964లో రాజేంద్రనగర్‌లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడింది. నమూనా అమెరికాదే, తోడ్పడింది కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయం. బోధన, పరిశోధన, విస్తరణ మూడూ ఒకే గొడుగు కిందికి వచ్చాయి. ఇప్పుడు బీఎస్సీ అగ్రికల్చర్ చివరి ఏడాదిలో విద్యార్థులు ఊళ్లో ఉండి, రైతు వెంట పొలం పనులు చూస్తారు. అప్పటికి వాళ్లకు ఇరవై ఏళ్లు దాటతాయి, పొలమూ వాళ్లది కాదు. ఏడో తరగతి పిల్లాడి చేతికి 10 సెంట్ల నేల, కౌలుతో సహా రాసే లెక్కల పుస్తకం ఇచ్చే ఏర్పాటు మాత్రం ఆ నమూనాతో పాటు ఇక్కడ వేళ్లూనుకోలేదు.